పాట ఒకరిది, చెయ్యి ఒకరిది



మన పెళ్లిళ్లలో పురోహితుడు గట్టిమేళం అని కేక వేయగానే డోలూ సన్నాయీ ఒక్కసారిగా అందుకుంటాయి. ఆ మోత లేకపోతే పెళ్లయినట్టే ఉండదు. కానీ ఆ సన్నాయి ఊదినాయన పేరేమిటో, ఏ ఊరివాడో, భోజనాల్లో ఏ బంతిలో కూర్చున్నాడో పెళ్లివారిని అడిగి చూడండి. చాలామంది చెప్పలేరు. హంగరీ, రొమేనియా, స్లొవేకియా దేశాల్లో ఈ చోట తరతరాలుగా నిలబడినవాళ్లు రోమా వాద్యకారులు. పెళ్లికి వాళ్లే, పేరంటానికి వాళ్లే, రాజుగారి విందుకూ వాళ్లే. వాళ్ల సంగీతం గురించి, ఆ మేళం నడుమ కూర్చునే సింబలోమ్ అనే వాద్యం గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

రోమా అంటే మనం జిప్సీలని వింటూ వచ్చినవాళ్లే. ఆ పేరు వాళ్లలో చాలామందికి నచ్చదు కాబట్టి రోమా అనే అందాం. వీళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి కదిలారని వాళ్ల భాషే సాక్ష్యం చెబుతుంది. ఈ సంగతిని జర్మనీ పండితులు 1780లలోనే పసిగట్టారు. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమా మహాసభ ఒక జెండాను ఆమోదించింది. పైన నీలం, కింద ఆకుపచ్చ, మధ్యలో 16 ఆకుల ఎర్రని చక్రం. మన దగ్గర ఈ ప్రస్తావన రాగానే, వాళ్లు మన లంబాడీలే కదండీ అని ఎవరో ఒకరు అంటారు. లంబాడీ భాషా రోమానీ భాషా ఒకే పెద్ద కుటుంబానివన్నది నిజం. అంతకు మించి ఇద్దరినీ సొంత అన్నదమ్ములని తేల్చే రుజువు లేదు. సంతూర్‌ను కూడా వాళ్లే మోసుకెళ్లి సింబలోమ్ చేశారని మరో కథ ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, కర్రలతో తీగలను మోగించే వాద్యాలు 15వ శతాబ్దానికే ఐరోపాలో ఉన్నాయి. రోమాలు హంగరీ చేరిన కాలమూ ఇంచుమించు అదే. వాద్యం అక్కడ దొరికింది, వీళ్ల చేతికి వచ్చింది. నాకు ఈ నిజమే ఆ కథ కంటే రుచిగా ఉంటుంది.

పండిట్ శివకుమార్ శర్మ గారి సంతూర్ విన్నవాళ్లు సింబలోమ్‌ను సులువుగా ఊహించుకోగలరు. అదే ఆకారం, ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. కాకపోతే ఒళ్లో పెట్టుకునేది కాదు, నాలుగు కాళ్ల మీద నిలబడిన బల్లంత పెద్దది. నూట పాతికకు అటూ ఇటూగా తీగలు ఉంటాయి. ఒక్కో స్వరానికి మూడు నాలుగు తీగలు జట్టుగా మోగుతాయి. పియానోలో స్వరాలు వరస క్రమంలో ఉంటాయి, పక్కది నొక్కితే పక్క స్వరం పలుకుతుంది. ఇందులో అలా కాదు. కొన్ని తీగల జట్లను మధ్యలో గుర్రాలు, అంటే తీగలను ఎత్తిపట్టే బద్దలు, విడదీస్తాయి. గుర్రానికి ఇటు కొడితే ఒక స్వరం, అటు కొడితే ఇంకొకటి. ఏ స్వరం ఎక్కడుందో చేతికి తెలియాలే తప్ప కంటితో వెతికి వాయించే పని కాదు. అందుకే ఇది చిన్నతనంలోనే, తండ్రి పక్కన కూర్చుని పట్టుబడే విద్య అయింది. కొట్టే కర్రల చివర దూది చుడతారు. దూది ఎంత చుట్టారన్నదాన్ని బట్టి నాదం మారుతుంది. మందంగా చుడితే మెత్తగా పలుకుతుంది, పలుచగా చుడితే గలగలలాడుతుంది.

పాతకాలపు సింబలోమ్ చిన్నది. మెడకు వేలాడదీసుకునో, బల్ల మీద పెట్టుకునో వాయించేవారు. కొట్టిన ప్రతి స్వరమూ ఆగకుండా మోగుతూ ఉండేది కాబట్టి, పాట వేగం పెరిగితే ఒక శ్రుతి మీద ఇంకో శ్రుతి పడి గందరగోళమయ్యేది. 1874లో బుడాపెస్టులో వాద్యాలు తయారుచేసే యోజెఫ్ షుండా దీనికి కాళ్లు పెట్టాడు, చట్రం బలపరిచాడు, పాదంతో నొక్కే పెడల్ ఒకటి అమర్చాడు. పెడల్ వదిలితే మెత్తలు తీగల మీద వాలి మోత ఆగుతుంది, నొక్కితే మళ్లీ సాగుతుంది. దీంతో ఊళ్లో తిరిగే వాద్యం కచేరీ వేదిక ఎక్కింది. కానీ చంకన పెట్టుకుని పోయేది కాస్తా మోయడానికి ఇద్దరు ముగ్గురు కావలసిన బరువైపోయింది. అందుకే రొమేనియా పల్లెల్లో పెళ్లి ఊరేగింపు వెంట నడవాల్సిన వాద్యకారులు పాత చిన్నదాన్ని చాలాకాలం వదల్లేదు. అక్కడ దాని పేరు త్సంబల్.

మేళంలో నాయకుడు మొదటి వయొలిన్ వాయించేవాడు. ప్రీమాష్ అంటారు. పక్కన కోంత్ర వాయించేవాడు ఉంటాడు. అది కూడా వయొలినో వయోలానో, కానీ పాట వాయించదు, తాళపు ఎదురుదెబ్బల మీద కొన్ని స్వరాలను కలిపి వేస్తుంది. వెనక నిలువెత్తు బాస్. చాలాచోట్ల ఒక క్లారినెట్ కూడా. వీళ్లందరినీ అతికించే పని సింబలోమ్‌ది. ప్రీమాష్ ఒక స్వరాన్ని పట్టుకుని సాగదీస్తుంటే కింద జలజలమని పరుచుకుంటుంది, అతను ఊపిరి తీసుకునే సందులో నాలుగు స్వరాలు చల్లి పక్కకు తప్పుకుంటుంది. మేళంలో డ్రమ్ము ఉండదు, ఆ లోటు కూడా ఇదే తీరుస్తుంది. కాగితం ఎవరి ముందూ ఉండదు. ప్రీమాష్ ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ ఉరుకుతాడో అతనికే ముందుగా తెలియదు. అతని భుజం కదలికను చూసి మిగతావాళ్లు పట్టుకుంటారు.

పేరు తెలిసిన తొలి ప్రీమాష్‌లలో ఒకరు స్త్రీ కావడం విశేషం. ఆమె పేరు త్సింకా పన్నా. ఇప్పటి స్లొవేకియాలోని గెమెర్ ప్రాంతంలో 18వ శతాబ్దంలో బతికింది, 1772లో చనిపోయింది. వయొలిన్ ఆమెది, బాస్ భర్తది, మిగతా వాద్యాలు మరుదులవి. రెండు వయొలిన్లు, సింబలోమ్, బాస్ అన్న అమరిక అప్పటికే ఆ మేళంలో కుదిరిపోయింది. ఆమెను వయొలిన్‌తో సహా సమాధి చేశారని జనం చెప్పుకుంటారు.

ఆమె బతికిన కాలం రోమాలకు మంచి కాలమేమీ కాదు. హంగరీని ఏలిన మహారాణి మరియా తెరేసా వాళ్లను కొత్త హంగేరియన్లుగా మార్చాలని పూనుకుంది. వాళ్లలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోకూడదంది, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఇళ్లలో పెంచమంది. అదే రాజ్యంలో సైన్యానికి కుర్రాళ్లు కావలసివస్తే మాత్రం రోమా మేళాన్ని వెంటబెట్టుకుని ఊరి నడిబొడ్డుకు వెళ్లేవారు. సిపాయిలు బూట్లు టకటకలాడిస్తూ నాట్యం చేసేవారు, మేళం ఊపందుకునేది, సారా పారేది, చూసే కుర్రాడు మత్తులో సైన్యంలో చేరిపోయేవాడు. ఈ సైన్యపు నాట్యమే వెర్బుంకోష్. 19వ శతాబ్దంలో హంగరీ సంగీతమని లోకం చప్పట్లు కొట్టినదానికి చాలావరకు మూలం ఇదే.

వెర్బుంకోష్‌ను పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు యానోష్ బిహారి. పేరు విని మన బిహార్ అనుకోకండి, హంగరీలోనూ బిహార్ అనే ప్రాంతం ఒకటి ఉంది. 1764లో పుట్టాడు. స్వరలిపి రాదు. నెపోలియన్‌ను ఓడించాక 1814లో ఐరోపా రాజులంతా వియన్నాలో సమావేశమైతే వాళ్ల ముందు వాయించాడు. బాలుడిగా ఉన్నప్పుడు విన్న ఆయన వయొలిన్‌ను హంగరీ సంగీతకర్త ఫ్రాంజ్ లిస్ట్ జీవితాంతం తలుచుకున్నాడు. 1824లో ప్రయాణంలో ప్రమాదం జరిగి బిహారి చెయ్యి దెబ్బతింది. ఆ తర్వాత మూడేళ్లకు పేదరికంలో పోయాడు. ఆయన వాయించినవి ఇప్పుడు మనకు తెలుస్తున్నాయంటే అదంతా పక్కన కూర్చుని రాసుకున్నవాళ్ల పుణ్యం.

అసలు తగువు ఇక్కడ మొదలవుతుంది. ఇంతకీ ఆ సంగీతం ఎవరిది?

1859లో లిస్ట్ ఒక పుస్తకం రాసి, హంగరీ సంగీతమని మీరంటున్నది నిజానికి రోమాలదే అన్నాడు. హంగరీలో గగ్గోలు పుట్టింది. మా పాటను పరాయివాళ్ల పాలు చేస్తావా అని సొంత దేశస్థులే ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆ తర్వాతి తరంలో బేలా బార్తోక్, జోల్తాన్ కోడాయ్ అనే సంగీతకర్తలు ఊరూరా తిరిగి రైతుల పాటలు సేకరించి, మాటను పూర్తిగా తిరగేశారు. నగరాల్లో రోమా మేళాలు వాయించేవి హంగేరియన్ దొరబాబులు కట్టిన పాటలే తప్ప రోమాల సొంతం కావని 1931లో బార్తోక్ తేల్చి చెప్పాడు. ఆ వ్యాసంలోనే ఇంకో మాటా అన్నాడు. రోమానీ భాషలో రోమాల సొంత పాటలు ఉన్నాయి, అయితే అవి మేళం కట్టని పల్లె రోమాల నోట వినిపిస్తాయి, నగరపు మేళాలు వాటిని జనం ముందు వాయించవు అని. ఆ మాటను ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

పాట ఎవరిదన్న లెక్కల్లో తప్పటడుగులు చాలానే పడ్డాయి. జర్మన్ సంగీతకర్త బ్రామ్స్ ఐదో హంగేరియన్ నాట్యం వినని సంగీతప్రియుడు లేడు. అందులోని వరసను ఆయన జానపదమనుకుని తీసుకున్నాడు. నిజానికి అది కేలేర్ బేలా అనే ఆయన కట్టిన చార్దాష్, అంటే నాట్యపు పాట. స్పెయిన్ వయొలినిస్టు సరసాతే 1878లో జిప్సీ రాగాలని ఒక రచన చేశాడు. అందులో నెమ్మదిగా ఏడ్చినట్టు సాగే భాగం సెంతిర్మయ్ అనే హంగేరియన్ రచయిత పాట. సరసాతేకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఇద్దరి చెవుల్లోనూ ఆ పాటలు పడింది రోమా మేళాల ద్వారానే అయివుంటుంది. సొంతదారు పేరు అక్కడే చెరిగిపోయింది. మేళం చేతిలో పడ్డాక ఏ పాటయినా వాళ్లదిలాగే వినిపించేది మరి.

బార్తోక్ అన్నదానిలో తప్పు లేదు. కానీ కట్టినవాడే సొంతదారు అనే లెక్క నాకు సగమే సబబుగా తోస్తుంది. అచ్చయిన ఆ పాటల పుస్తకాలు తెరిచి ఉన్నది ఉన్నట్టు వాయిస్తే పేలవంగా ఉంటాయి. ప్రీమాష్ దాన్ని ముక్కలు చేసి, ఒకచోట పావు నిమిషం ఆగి, ఇంకోచోట మూడు స్వరాలను ముప్ఫై చేసి ఇచ్చాకే అది లోకానికి పనికొచ్చింది. ఒక త్యాగరాజ కీర్తనకు పదిమంది విద్వాంసులు చేసే నెరవును విని ఆనందించే మనకు ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పైగా రోమాల్లో పాట కట్టినవాళ్లు లేరా అంటే, సెగెద్ నగరంలో తీసా నది ఒడ్డున దాన్కో పిష్తా విగ్రహం ఉంది. 1858లో పుట్టి 44 ఏళ్లకే పోయిన ఈ రోమా వయొలినిస్టు కట్టిన పాటలు నాలుగు వందలకు పైమాటే.

సింబలోమ్‌కు పెద్ద గౌరవం దక్కింది కూడా ఒక రోమా చేతి వల్లే. 1915లో జెనీవాలోని ఒక కెఫేలో అలాదార్ రాట్స్ వాయిస్తున్నాడు. వినడానికి వెళ్లిన రష్యన్ సంగీతకర్త ఇగోర్ స్ట్రవిన్‌స్కీ ఆ వాద్యం మీద ఎంత మనసుపడ్డాడంటే, ఒకటి కొనుక్కుని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, దాని మీదే కూర్చుని రెనార్ అనే రచన చేశాడు. రాట్స్ అక్కడితో ఆగలేదు. బాఖ్, స్కార్లాటీ రచనలను సింబలోమ్ మీదికి తెచ్చాడు, తర్వాత బుడాపెస్టు సంగీత అకాడమీలో ఆచార్యుడయ్యాడు. కోడాయ్ హారి యానోష్ అనే సంగీత నాటకం రాసినప్పుడు అందులో సింబలోమ్‌కు పెద్దపీట వేశాడు. మేళాల మీద బార్తోక్ బృందానికి ఉన్న చిన్నచూపు వాద్యం మీద లేదన్నమాట.

రొమేనియా వైపు కథ ఇంకా చేదుగా ఉంటుంది. అక్కడి రెండు సంస్థానాల్లోనూ, అంటే వలాకియా, మోల్దావియాల్లో, రోమాలు బానిసలు. భూస్వాములకు, మఠాలకు, రాజుకు సొంతం. వాద్యం వచ్చిన బానిసను లౌతార్ అనేవారు. మంచి లౌతార్ ఉండటం దొరగారికి హోదా. పూర్తి విముక్తి 1855-56 దాకా రాలేదు. గ్రిగోరాష్ దినికు వాయించిన హోరా స్టకాటోను ఈ రోజు ప్రపంచమంతటా వయొలిన్ విద్యార్థులు సాధన చేస్తారు. ఆయన వంశమూ లౌతార్ల వంశమే.

లౌతార్ల జ్ఞాపకశక్తి ఎంతటిదో చెప్పడానికి మరమురేష్ సంగతి ఒకటి చాలు. ఇది ఇప్పటి రొమేనియా ఉత్తరపు అంచున ఉన్న కొండప్రాంతం. రెండో ప్రపంచయుద్ధానికి ముందు అక్కడ యూదులు చాలామంది ఉండేవారు. వాళ్ల పెళ్లిళ్లకూ పండుగలకూ వాయించింది రోమాలే. కాబట్టి యూదుల పెళ్లిలో ఏ ఘట్టానికి ఏ వరస వాయించాలో, ఏది పెద్దలకు, ఏది పెళ్లికూతురికి, అంతా వాళ్లకు కంఠతా వచ్చేది. 1944 వేసవిలో ఆ యూదులను రైళ్లకెక్కించి నాజీల ఔష్విట్స్ శిబిరానికి తరలించారు. తిరిగి వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. ఆ సంగీతం వాయించమని అడిగేవాళ్లే లేకుండా పోయారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత హంగరీ బృందం ముజికాష్ ఆ పాటల కోసం వెతుక్కుంటూ వెళ్తే, వయొలిన్ మీద గ్యోర్గె కోవాచ్, సింబలోమ్ మీద తోని ఆర్పాద్ అనే ఇద్దరు ముసలి రోమాలు గుర్తుపెట్టుకుని వాయించారు. 1993లో అది మారమరోష్ పేరుతో రికార్డుగా వచ్చింది. యూదుల పాటను రోమాలు దాచారు, హంగేరియన్లు రికార్డు చేశారు. పాట ఎవరిదని తగువుపడిన పండితులు ఈ రికార్డును ఏ ఖాతాలో రాస్తారో చూడాలి.

ఆ యుద్ధంలో రోమాల గతి కూడా అదేనని మరవకూడదు. 1944 ఆగస్టు 2 రాత్రి ఔష్విట్స్‌లోని రోమా కుటుంబాల శిబిరంలో మిగిలినవాళ్లను, నాలుగు వేలకు పైగా మనుషులను, గ్యాస్ గదుల్లో చంపారు. ఐరోపా మొత్తం మీద ఆ సంఖ్య లక్షల్లో ఉంటుంది. ఆ చీకట్లో ఒక చిన్న ఊరట. చెక్ దేశపు మొరేవియాలోని హ్రూబా వ్రుబ్కా అనే పల్లెలో యోష్కా కుబీక్ అనే రోమా ప్రీమాష్‌ను ఊరివాళ్లు కాపాడుకున్నారు. ఆయన 1978 దాకా బతికి, ఆ ప్రాంతపు మేళాలకు పెద్దదిక్కయ్యాడు. ఇవాళ మొరేవియాలో సింబలోమ్ మేళాల్లో ఎక్కువమంది చెక్ జాతివాళ్లే.

ఇక బార్తోక్ అన్న రెండో మాట దగ్గరికి వద్దాం, రోమాల సొంత పాటలు. హంగరీలో వాద్యాలే వృత్తిగా బతికినవాళ్లు రోముంగ్రోలు. జనంలో కలిసి మెలిసి తిరిగి, తరాలు గడిచేసరికి చాలామంది రోమానీ భాషే మరిచిపోయారు. గుర్రాల బేరాలూ చిల్లర వ్యాపారాలూ చేసుకున్న వ్లాహ్ రోమాలు భాషను నిలుపుకున్నారు. సంప్రదాయంగా వీళ్లు వాద్యం పట్టరు. వీళ్ల ఇంటి పాటలో వయొలినూ లేదు, సింబలోమూ లేదు. తీరుబడిగా కూర్చుని పాడే నెమ్మది పాట ఒకటి. పాడబోయేవాడు ముందు కూర్చున్నవాళ్ల అనుమతి అడుగుతాడు, చివర వాళ్లకు ఆరోగ్యం, అదృష్టం కోరుతాడు. మధ్యలో వచ్చే జైలు, గుర్రం, తల్లి, పేదరికం అతని సొంత కథే కావచ్చు. నాట్యానికి ఇంకో రకం పాట. తాళానికి పాల క్యాన్, చెంచాలు, చిటికెలు. బాస్ వాద్యం బదులు నోటితోనే బొంగురుగా దరువు వేస్తారు. 1978లో బుడాపెస్టులో కొందరు యువకులు కాలీ యాగ్ అనే బృందం కట్టి గిటార్ తోడుగా ఈ పాటలను వేదిక ఎక్కించేదాకా, హోటల్లో మేళం వింటూ భోంచేసే సగటు హంగేరియన్‌కు ఇవి ఉన్నాయనే తెలియదు.

ఆ హోటళ్ల కాలమూ మారింది. సోషలిస్టు ప్రభుత్వం ఉన్నన్నాళ్లు పేరున్న ప్రతి భోజనశాలలోనూ రోమా మేళం జీతం మీద వాయించేది. ప్రీమాష్ ఒక్కో బల్ల దగ్గరికి వచ్చి, ఇష్టమైన పాట అడిగి, చెవి దగ్గరే వాయించేవాడు. నోటు అందుకునేవాడు. 1989 తర్వాత హోటళ్లు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి, మేళం ఖర్చు యజమానికి దండగ అనిపించింది. తాతలనాటి పని పోయింది. సంగీత కుటుంబాల పిల్లలు చాలామంది జాజ్ వైపు మళ్లారు, అక్కడ కూడా పేరు తెచ్చుకున్నారు. నూరుమంది రోమా వాద్యకారుల ఆర్కెస్ట్రా మాత్రం బుడాపెస్టులో నడుస్తూనే ఉంది. షాన్దోర్ యారోకా అనే ప్రీమాష్ అంత్యక్రియలకు వచ్చినవాళ్లంతా కలిసి వాయించడంతో పుట్టిన ఆలోచన అది, 1985లో బృందమైంది.

వినాలనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. కోడాయ్ హారి యానోష్ సూట్‌లోని ఇంటర్‌మెజో ముందు వినండి, సింబలోమ్ గొంతు గుర్తుపట్టడానికి అది తేలిక దారి. తర్వాత కాలీ యాగ్ పాట ఒకటి. ఆ పైన రొమేనియా రోమా సింబలోమ్ కళాకారుడు టోనీ యోర్దాకే పాత రికార్డులు. మొదటిసారి చెవి అతని వేగం మీదికే పోతుంది, పోనివ్వండి. రెండోసారి మాత్రం గాయకుల వెనక అతను తోడు వాయించిన పాటలు పెట్టుకుని, ఎక్కడెక్కడ కర్రలు ఎత్తి ఊరుకున్నాడో గమనిస్తూ వినండి.